ప్లగ్గు చేత్తో పట్టుకోలేనంత వేడెక్కింది: ఇంట్లో చార్జింగ్, దారిలో చార్జింగ్ గురించి తెలిసినవారు చెప్పండి

కొత్తచక్రం:
అందరికీ నమస్కారం. కరెంటు కారు కొని మూడు వారాలైంది. 40 యూనిట్ల బ్యాటరీ. కారుతోపాటు ఇచ్చిన తీగతోనే చార్జింగ్ పెడుతున్నాను. మధ్యలో ఇటుకంత పెట్టె ఉంటుంది కదా, ఆ తీగ. బయటి గోడకున్న 16 ఆంపియర్ల సాకెట్‌లో రాత్రి తొమ్మిదింటికి పెట్టి పొద్దున ఆరింటికి తీస్తాను.

మొన్న పొద్దున తీయబోతే ప్లగ్గు చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంది. స్విచ్ ఆపి, కాసేపు ఆగి, గుడ్డతో పట్టుకుని లాగాను. ఒక పిన్ను మొదట్లో ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది. సాకెట్ రంధ్రం పక్కన గోరంత మేర ఉబ్బింది. కాలిన రబ్బరు వాసన. బోర్డులోని ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే తనంతట తనే పడే స్విచ్) పడలేదు, ఎక్కడా ఎర్రదీపం వెలగలేదు. కారు మాత్రం నిండుగా చార్జ్ అయింది.

చార్జర్ చెడిపోయిందా? మార్చమని అడగాలా? ఇంకో సంగతి. వచ్చే నెలలో 420 కిలోమీటర్ల ప్రయాణం ఉంది. బయట చార్జింగ్ పెట్టడం నాకు ఇంతవరకూ తెలియదు. ఈ వేడి చూశాక అసలే బెదిరిపోయి ఉన్నాను.

తీగలమేస్త్రి:
ముందు ఒక మాట. ఆ సాకెట్‌లో ఈ రాత్రి చార్జింగ్ పెట్టకండి. ఎంత అవసరమున్నా సరే.

తప్పు చార్జర్‌ది కాదు, కారుదీ కాదు. సాకెట్ లోపల పిన్నును పట్టుకునే ఇత్తడి రేకులు వదులైతే, లేదా వెనక తీగ బిగించిన మర సరిగ్గా కూర్చోకపోతే అక్కడ నిరోధం పెరుగుతుంది. పదో వంతు ఓమ్ చాలు. 15 ఆంపియర్లు పోతుంటే 15 ఇంటూ 15 ఇంటూ 0.1, అంటే 22.5 వాట్ల వేడి పుడుతుంది. సోల్డరింగ్ ఐరన్ చూశారా? చిన్నది 25 వాట్లే ఉంటుంది. అలాంటిదాన్ని సాకెట్ లోపల దాచి తొమ్మిది గంటలు ఆపకుండా వెలిగించి ఉంచినట్టు.

ఇస్త్రీ పెట్టె, నీళ్ల హీటర్ కూడా ఇదే సాకెట్‌లో నడుస్తాయి. కానీ అవి పావుగంటో అరగంటో పనిచేసి ఆగుతాయి, సాకెట్ చల్లబడుతుంది. కారు ఆగదు. ఇళ్లలో ఇన్నాళ్లూ ఇంత కరెంటును ఇంతసేపు ఏకబిగిన లాగే వస్తువు లేదు. అందుకే ఏళ్ల తరబడి బాగానే ఉన్న సాకెట్ కారు వచ్చిన నెలలోపే బయటపడుతుంది.

ఎంసీబీ పడలేదన్నారు, పడదు. అది తన గుండా పోయే కరెంటు ఎంతో చూస్తుంది కానీ ఎక్కడో గోడ మీది సాకెట్‌లో ఏం కాలుతోందో దానికి తెలియదు. 15 ఆంపియర్లు దాని దృష్టిలో మామూలే.

ఆ సాకెట్ విప్పించి చూడండి. లోపల తీగ ఎంత మందం, ఆ తీగ మీద ఇంకేమున్నాయి, ఈ రెండూ రాయండి.

కొత్తచక్రం:
ధన్యవాదాలు మేస్త్రిగారూ. నిన్ననే మెయిన్ ఆపి విప్పించాను. తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లది. బట్టలు ఉతికే యంత్రానికి వేసిన లైను నుంచే దీనికీ లాగారు. ఒక మర వేలితో తిప్పితే తిరిగింది. ఆ మర కింద ఉన్న రాగిపోగులు నల్లబడి, ముట్టుకుంటే విరిగిపోయేలా ఉన్నాయి. వాటి తొడుగు అంగుళం మేర గట్టిపడి చిట్లింది. చూస్తుంటే భయమేసింది. పక్కన గది ఉంది, అందులో పిల్లలు పడుకుంటారు.

వెన్నెలదారి:
మీ కంగారు అర్థమవుతోంది. కానీ ఇది చదివి మామూలు సాకెట్‌తో చార్జింగే కూడదని కొత్తవాళ్లు అనుకుంటారేమోనని రాస్తున్నాను. రెండేళ్లుగా నేను సాకెట్‌తోనే నడుపుతున్నాను. గోడ మీద పెద్ద పెట్టె లేదు. తేడా అల్లా, నా తీగ మీద 10 ఆంపియర్లకు తగ్గించే బొత్తం ఉంది, దాన్ని ఎప్పుడూ 10 మీదే ఉంచుతాను.

లెక్క చూడండి. 230 వోల్టులు, 10 ఆంపియర్లు అంటే గంటకు 2.3 యూనిట్లు. తొమ్మిది గంటలకు 20 దాటుతాయి. దారిలో పోయేది పోగా బ్యాటరీలోకి 17, 18 చేరుతాయి. నా కారు యూనిట్‌కు ఆరు కిలోమీటర్ల పైనే పోతుంది. అంటే రాత్రికి వంద కిలోమీటర్లు. నేను రోజూ తిరిగేది 45. ఖాళీ అయ్యేదాకా ఆగి పెట్రోలు కొట్టించే అలవాటు నుంచి బయటికి వస్తే చాలు. కారు ఎలాగూ రాత్రంతా నిద్రపోతుంది, ఆ నిద్రలోనే తాగుతుంది.

తీగలమేస్త్రి:
వెన్నెలదారి గారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను. 15 నుంచి 10కి దిగితే కరెంటు మూడో వంతు తగ్గుతుంది, వేడి మాత్రం సగానికన్నా ఎక్కువే తగ్గుతుంది. నేను చెప్పిన ఆ 22.5 వాట్లు 10 వాట్లవుతాయి. వర్గం లెక్క అది.

కానీ 10 ఆంపియర్లు పెట్టుకున్నా సరే, లైను విడిగా ఉండాలి. మీటరు దగ్గరి బోర్డు నుంచి నేరుగా, మధ్యలో ఎక్కడా అతుకు లేకుండా, దానికి సొంత ఎంసీబీ, సొంత ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తులోకి కారితే ఆపేసే స్విచ్). సాకెట్ అయితే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. గోడ చార్జర్ పెట్టి 32 ఆంపియర్లు లాగాలంటే 6కు తగ్గకూడదు, ఎంసీబీ 40ది. ఇప్పుడు సాకెట్ చాలనుకున్నా 6 మిల్లీమీటర్లదే వేయించమంటాను. గోడ ఒకసారే పగలగొడతాం కదా.

ఇంట్లో గుండ్రని పిన్నుల నీలిరంగు పారిశ్రామిక సాకెట్ పెట్టించుకోగలిగితే ఇంకా మేలు. మోటార్లకు, వెల్డింగ్ యంత్రాలకు వాడతారు. గట్టిగా పడుతుంది, మూత ఉంటుంది, గంటల తరబడి కరెంటు మోయడానికే చేసింది. దానికి సరిపోయే ప్లగ్గున్న చార్జింగ్ తీగ విడిగా కొనుక్కోవాలి. కారుతో వచ్చిన తీగకు ప్లగ్గు కోసి వేరేది బిగించకండి. కొన్ని తీగల ప్లగ్గు లోపల వేడిని కనిపెట్టే సెన్సర్ ఉంటుంది, కోస్తే అది పోతుంది.

ఎక్స్‌టెన్షన్ బోర్డు మాట ఎవరూ ఎత్తకముందే నేనే చెబుతున్నాను: వద్దు. చుట్టగా చుట్టి ఉన్న తీగైతే మరీ ప్రమాదం, లోపలి చుట్ల వేడి బయటికి పోయే దారే ఉండదు.

ప్రశ్నలపుట్ట:
గోడ చార్జర్‌లో అసలు ఏముంటుంది? 3 కిలోవాట్ల ఇటుక స్థానంలో 7 కిలోవాట్ల పెట్టె వస్తే అది పెద్ద చార్జర్ అనుకోవాలా?

మెరుపుతీగ:
చాలామంది పొరబడే చోటు ఇదే, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

గోడ మీది పెట్టె చార్జర్ కాదు. మీ ఇటుకా చార్జర్ కాదు. చార్జర్ కారు లోపల ఉంటుంది. ఇంటి కరెంటు అటూ ఇటూ దిక్కు మారే ఏసీ, బ్యాటరీ తీసుకునేది ఒకే దిక్కున పారే డీసీ. ఆ మార్పిడి చేసే యంత్రం కారులోనే ఉంది. గోడ పెట్టె కాపలాదారు. కారును పలకరించి, అంతా సవ్యంగా ఉంటేనే తలుపు తెరుస్తుంది.

ఆ పలకరింపు చాలా ముచ్చటగా ఉంటుంది. గన్‌లో, అంటే కారుకు తగిలించే పిడిలో, పెద్ద పిన్నులు కాక ఒక సన్నటి సంకేతపు పిన్ను ఉంటుంది. దాని మీద పెట్టె 12 వోల్టులు పెట్టి కాచుకుని ఉంటుంది. గన్ను కారుకు పెట్టగానే కారులోని నిరోధం వల్ల అది 9 వోల్టులకు దిగుతుంది: ఎవరో వచ్చారు. అప్పుడు పెట్టె ఆ సంకేతాన్ని సెకనుకు వెయ్యిసార్లు ఆపుతూ వెలిగిస్తూ, ఎంత కరెంటు ఇవ్వగలదో చెబుతుంది. ప్రతి విడతలో పదో వంతు సేపు వెలిగితే 6 ఆంపియర్లు, సగం సేపు వెలిగితే 30 ఆంపియర్లు. కారు సిద్ధమై దాన్ని 6 వోల్టులకు దించుతుంది. అప్పుడు మాత్రమే పెట్టెలో రిలే అనే స్విచ్ 'టక్'మని పడి కరెంటు పారుతుంది. గన్ను పెట్టిన రెండు మూడు సెకన్లకు మీకు వినబడే చప్పుడు అదే.

వానలో చార్జింగ్ పెట్టవచ్చా అని తరచూ అడుగుతుంటారు. జవాబు ఇందులోనే ఉంది. చేతిలో గన్ను ఉన్నంతసేపూ దాని పిన్నుల్లో కరెంటు ఉండదు. తీసేటప్పుడు కూడా సంకేతపు పిన్నే ముందు విడిపోతుంది, ఎర్తు పిన్ను అన్నిటికన్నా చివర విడిపోతుంది. తడవకూడనిది గన్ను కాదు, రెండో చివర గోడలో ఉన్న మామూలు ప్లగ్గు.

ఇక 7 కిలోవాట్ల సంగతి. పెట్టె ఎంత ఇస్తానన్నా కారులోని చార్జర్ తన శక్తి మేరకే తీసుకుంటుంది. అది 3.3 కిలోవాట్లదైతే 22 కిలోవాట్ల పెట్టె పెట్టినా వచ్చేది 3.3 మాత్రమే. ముందు కారు పుస్తకంలో ఆ అంకె చూసుకోండి, తర్వాత పెట్టె గురించి ఆలోచించండి.

పాతబ్యాటరీ:
ఇక్కడ ఒక పాత సంగతి గుర్తొచ్చింది. ఏసీని డీసీగా మార్చాల్సిన అవసరం ఇప్పుడు పుట్టింది కాదు. 1902లో పీటర్ కూపర్ హెవిట్ పాదరసపు గాజుబుడ్డితో ఏసీని డీసీగా మార్చే పరికరం చేశాడు. ఆ కాలపు కరెంటు కార్ల యజమానులు కారు షెడ్డులోనే దాన్ని పెట్టుకుని చార్జ్ చేసేవారు. చార్జింగ్ నడుస్తున్నంతసేపు బుడ్డి నీలిగా మెరుస్తూ ఉండేది. పెట్రోలు కార్ల హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా నడిపింది డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారు. రాత్రి పెట్టి పొద్దున తీయడం వందేళ్ల కిందటి అలవాటే. అప్పుడు యంత్రం షెడ్డులో ఉండేది, ఇప్పుడు కారులోకి ఎక్కింది.

ఎర్రదీపం:
నాది ఎర్తు బాధ. కొత్త ఇంట్లోకి మారాక తీగ పెడితే ఎర్రగా మెరుస్తుంది, చార్జ్ కాదు. 'ఎర్తు లేదు' అని చూపిస్తోంది. ఒకతను వచ్చి సాకెట్‌లోనే ఎర్తునూ న్యూట్రల్‌నూ చిన్న తీగముక్కతో కలిపి వెళ్లాడు. పచ్చదీపం వెలిగింది, వారంగా చార్జ్ అవుతోంది. ఇది సరైనదేనా?

తీగలమేస్త్రి:
వెంటనే ఆ తీగముక్క తీయించండి. దయచేసి ఈ రోజే.

అతను చేసింది మరమ్మతు కాదు, కాపలాదారు కళ్లకు గంతలు కట్టడం. మీ ఇంటికి వచ్చే న్యూట్రల్ తీగ బయట ఎక్కడైనా తెగిందనుకోండి, తెగుతూనే ఉంటాయి. అప్పుడు వెనక్కి పోవాల్సిన కరెంటుకు దారి ఉండదు. మీరు కలిపిన ముక్క గుండా ఎర్తు తీగలోకి, అక్కడి నుంచి కారు ఒంటికి చేరుతుంది. నేల మీద నిలబడి తలుపు పట్టుకున్న మనిషి గతేమిటో ఆలోచించండి. ఆర్‌సీసీబీ కూడా అప్పుడు కాపాడుతుందన్న నమ్మకం లేదు.

ఎర్తు గొయ్యి తవ్వించండి, కడ్డీ పాతించండి, కొలిపించండి. తర్వాత తీగ తనంతట తనే పచ్చగా వెలుగుతుంది. ఇన్వర్టర్ మీదా జనరేటర్ మీదా కూడా కొన్ని తీగలు ఇలాగే ఎర్రబడతాయి, అక్కడ న్యూట్రల్ ఎర్తుకు కట్టి ఉండదు కాబట్టి. అదీ సరిగ్గా చేయించాల్సిన పనే, ముక్కతో మోసగించే పని కాదు.

ఎర్రదీపం:
తీయించాను. గొయ్యికి మనిషిని పిలిచాను. ఇక్కడ అడగకపోతే అలాగే వదిలేసేవాణ్ని.

మెరుపుతీగ:
మేస్త్రిగారి మాటకు చిన్న చేర్పు. కారు చార్జర్ నుంచి ఒక్కోసారి డీసీ కరెంటు ఎర్తులోకి కారుతుంది. మామూలు 'ఏ' రకం (టైప్ A) ఆర్‌సీసీబీకి 6 మిల్లీయాంపియర్లకు మించిన డీసీ తగిలితే లోపలి ఇనుపచుట్టు మొద్దుబారి, నిజమైన షాకు తగిలినా పడకపోవచ్చు. అందుకే బీ రకం ఆర్‌సీసీబీ పెట్టాలి, లేదా 6 మిల్లీయాంపియర్ల డీసీని పట్టే ఏర్పాటు పెట్టెలోనే ఉండాలి. కొనేముందు అడిగి తెలుసుకోండి.

మూడోఅంతస్తు:
సొంత ఇల్లున్నవాళ్ల సంగతి సరే. నేనుండేది మూడో అంతస్తు, కారు ఉండేది కింద. మా భవనంలో ఇప్పటికి నలుగురికి కరెంటు కార్లున్నాయి. 'అందరూ ఒకేసారి పెడితే భవనం కరెంటు పోతుంది' అని సంఘం వారు ఒప్పుకోవడం లేదు. ఒకాయన వసారాలోంచి తీగ వేలాడదీస్తున్నారు, అది చూస్తే గుండె ఆగినంత పనవుతోంది.

మెరుపుతీగ:
సంఘం వారి భయంలో నిజముంది, కానీ దానికి విరుగుడు ఉంది. పైన చెప్పిన సంకేతం గుర్తుందా? పెట్టె ఎప్పుడైనా, చార్జింగ్ మధ్యలోనైనా, కారును 'తగ్గించు' అనగలదు. దాని మీదే ఆధారపడి, లోడు పంచుకునే పెట్టెలు వస్తున్నాయి. కార్ల కోసం మొత్తం 40 ఆంపియర్లు కేటాయించారనుకుందాం. ఒక్క కారే ఉంటే దానికి 32 ఇస్తాయి. నాలుగూ వస్తే తలా 10. రాత్రి ఎనిమిది గంటలకు తలా 18 యూనిట్లు. రోజువారీ తిరుగుడుకు అది ఎక్కువే. భవనం లిఫ్టు, పంపు నడిచేటప్పుడు ఇంకా తగ్గించేలా కూడా అమర్చవచ్చు. సంఘం సమావేశానికి ఈ అంకెలు పట్టుకెళ్లండి. నాలుగు కార్లు ఏడేసి కిలోవాట్లు అని లెక్కేసి 28 కిలోవాట్లని బెదిరిపోయేవారికి 9 కిలోవాట్లతో పనవుతుందని చూపించండి.

అయితే మరీ 6 ఆంపియర్లకు దించేయకండి, ప్రమాణం ప్రకారం అంతకన్నా తక్కువ అసలే కుదరదు. చార్జింగ్ నడుస్తున్నంతసేపు కారులోని కంప్యూటర్లు, నీళ్ల పంపు మేలుకుని రెండు మూడు వందల వాట్లు తింటాయి. వచ్చేది 1,380 వాట్లే అయితే అందులో అయిదో వంతు దాకా అవే తినేస్తాయి.

దూరపుబాటసారి:
దారి సంగతి ఎవరూ ఎత్తలేదు, కొత్తచక్రం గారి 420 కిలోమీటర్ల ప్రయాణం మిగిలిపోయింది. అది నేను చెబుతాను.

దారిలోని ఫాస్ట్ చార్జర్ నిజంగానే చార్జర్. మార్పిడి యంత్రం బీరువా అంత ఉండే ఆ పెట్టెలోనే ఉంటుంది. కారులోని చిన్న చార్జర్‌ను పక్కన పెట్టి నేరుగా బ్యాటరీకే డీసీ పోస్తుంది. అందుకే అంత వేగం. కానీ వేగం మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండదు, తెలుసుకోవాల్సింది అదే. నా కారూ 40 యూనిట్లదే, గరిష్ఠంగా 50 కిలోవాట్లు తీసుకుంటుంది. ప్రతి ప్రయాణంలో రాసి పెట్టుకుంటాను. మొన్నటి లెక్క: 12 శాతం నుంచి 80 దాకా 41 నిమిషాలు. చూద్దామని కావాలనే ఆగాను, 80 నుంచి 100కు 46 నిమిషాలు పట్టింది. అయిదో వంతు బ్యాటరీకి అంతకుముందు నింపినదంతటికన్నా ఎక్కువ సమయం.

ఎందుకంటే బ్యాటరీ నిండే కొద్దీ దాని వోల్టేజీ పైకప్పును తాకుతుంది. ఇక కరెంటు తగ్గిస్తూ పోవడం తప్ప కారుకు దారి లేదు. బస్సులో సీట్లు నిండేదాకా జనం గబగబా ఎక్కుతారు, చివరికి నిలబడే చోటు వెతుక్కుంటూ ఒక్కొక్కరే దూరతారు. అలాంటిదే.

కాబట్టి 420 కిలోమీటర్లకు ఒకసారి నిండా నింపే ఆలోచన వద్దు. రెండుసార్లు ఆగండి. పెద్దరోడ్డు మీద యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు వేసుకోండి. ఇంట్లో నిండుగా బయల్దేరి 160 దగ్గర ఆగితే మూడో వంతు మిగిలి ఉంటుంది. 80కి నింపండి, అరగంట. ఇంకో 150 వెళ్లేసరికి 17 శాతం ఉంటుంది. అక్కడ 65కు నింపితే మిగిలిన 110 కిలోమీటర్లు పోయి చేరేసరికి చేతిలో ఇంకా 20 దగ్గర ఉంటుంది. వెళ్లే చోట రాత్రికి సాకెట్ ఉందో లేదో, దాని ఎర్తు ఎలా ఉందో ముందే కనుక్కోండి.

ప్రశ్నలపుట్ట:
120 కిలోవాట్లు అని రాసి ఉన్న చార్జర్ దగ్గర నా కారుకు ఎప్పుడూ అందులో సగం కూడా రాదు. మోసమా?

దూరపుబాటసారి:
మోసం కాదు. మూడు హద్దుల్లో ఏది చిన్నదైతే అదే వస్తుంది. మొదటిది కారు. రెండోది పంపకం: బీరువాకు రెండు గన్లుంటే పక్క గన్నుకు కారు రాగానే చాలాచోట్ల సగం అటు పోతుంది. మూడోది తీగ. 200 ఆంపియర్లు మోసే తీగతో 400 వోల్టుల బ్యాటరీకి 80 కిలోవాట్లే పోతాయి, 800 వోల్టుల బ్యాటరీకైతే అదే తీగతో 160. పెట్టె మీది అంకె ఒక్కటే చూసి దారి నిర్ణయించుకోకండి.

చలిలో నాలుగో హద్దు కూడా వస్తుంది. గడ్డకట్టే చలిలో వేగంగా చార్జ్ చేస్తే లిథియం బ్యాటరీలోని గ్రాఫైట్ పొర లోపలికి దూరలేక పైనే లోహంలా పేరుకుంటుంది, అది బ్యాటరీకి తిరిగిరాని నష్టం. అందుకని కారే వేగం తగ్గిస్తుంది. కొన్ని కార్లలో దారిచూపే తెరపై చార్జింగ్ కేంద్రాన్నే గమ్యంగా పెడితే, చేరేలోపు బ్యాటరీని వెచ్చబరచి ఉంచుతాయి.

వెన్నెలదారి:
అందరూ 80 అంటారు. నేను రోజూ ఇంట్లో 100 దాకానే పెడతాను, రెండేళ్లయింది. 40 యూనిట్లకు కొని 32 వాడుకోవడం ఎందుకు?

పాతబ్యాటరీ:
మీ బ్యాటరీ ఏ రకమో చెప్పకుండా ఆ మాట అందరికీ చెప్పకండి, వెన్నెలదారి గారూ. ఇది నాకు బాగా పట్టింపున్న విషయం.

ఎల్ఎఫ్‌పీ అని ఇనుము, ఫాస్ఫేటుతో చేసేవి ఒక రకం. నికెల్, మాంగనీసు, కోబాల్టుతో చేసే ఎన్ఎంసీ మరో రకం. ఎల్ఎఫ్‌పీ వోల్టేజీ నడుమంతా చదునుగా ఉంటుంది, 40 శాతానికీ 70 శాతానికీ పెద్ద తేడా కనిపించదు. కారు కంప్యూటర్ అంచనా తప్పుతూ పోతుంది. అందుకే వాటిని వారానికోసారి 100 దాకా నింపమని తయారీదారులే చెబుతారు. ఎన్ఎంసీది వేరే స్వభావం. నిండుగా, అందులోనూ ఎండలో, రోజుల తరబడి నిలబడితే త్వరగా ముసలిదవుతుంది. దానికి రోజువారీ 80 మేలు.

100 చేయడం పాపమేమీ కాదు. ప్రయాణానికి ముందు రాత్రి నింపండి, బయల్దేరే వేళకు నిండేలా సమయం పెట్టుకోండి. నింపి పది రోజులు ఊరెళ్లిపోకండి. వాడకుండా ఉంచేటట్టయితే సగం దగ్గర వదిలేయండి.

వెన్నెలదారి:
చూసుకున్నాను, నాది ఎల్ఎఫ్‌పీ. నా మాట దానికే వర్తిస్తుందని ఒప్పుకుంటున్నాను.

ఒంటరిరహదారి:
దారి గురించి నా అనుభవం ఒకటి. గత నెల 7 శాతంతో ఒక చార్జింగ్ కేంద్రానికి చేరాను. యాప్‌లో పచ్చగా 'ఖాళీగా ఉంది' అని చూపిస్తోంది. వెళ్లి చూస్తే తెర నల్లగా ఉంది. ఒక గన్ను కొక్కెం నుంచి జారి బురదలో పడి ఉంది. రాత్రి పదిన్నర. ఫోను చేస్తే దూరం నుంచే రెండుసార్లు ఆపి వెలిగించారు, లాభం లేదు. తర్వాతి కేంద్రం 19 కిలోమీటర్లు. ఏసీ ఆపి 45 వేగం మించకుండా నడిపి, 2 శాతంతో చేరాను. వెనక సీట్లో మా అమ్మ ఉంది. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు ఆమె. నేను కంగారుపడతానని.

అప్పటి నుంచి నియమం పెట్టుకున్నాను: ఒక కేంద్రానికి బయల్దేరినప్పుడు దాని తర్వాతిదానికి కూడా చేరే చార్జ్ ఉండాలి. రెండోది, పచ్చరంగును నమ్మను. అక్కడ చివరిసారి ఎవరైనా ఎప్పుడు చార్జ్ చేశారో చూస్తాను. ఈ రోజు ఎవరో చేసి ఉంటే అది బతికి ఉన్నట్టు.

దూరపుబాటసారి:
మీ అమ్మగారి మౌనం చదివి మనసు కలుక్కుమంది. మీ నియమం బంగారం.

వేగం తగ్గించడం మంచి పని చేశారు. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 100 నుంచి 70కి దిగితే గాలిని చీల్చడానికయ్యే ఖర్చు సగమవుతుంది. చార్జ్ తక్కువగా ఉందని ఆదరాబాదరా పరుగెత్తడం కన్నా నెమ్మదించడమే త్వరగా చేర్చే సందర్భాలుంటాయి.

అలాగే ఒక విన్నపం. 80 దాటాక వెనక ఎవరైనా కాచుకుని ఉంటే దయచేసి తీసేయండి. అక్కడ మీరు నింపే చివరి పది శాతం సమయంలో వాళ్లు ప్రయాణానికి సరిపడా నింపుకుంటారు. గన్నును కొక్కేనికి తగిలించి వెళ్లండి. బురదలో పడిన గన్నులో మట్టి చేరితే తర్వాత వచ్చేవారికి చార్జింగ్ ఆగిపోతుంది.

గన్నుపట్టు:
చార్జింగ్ అయిపోయాక గన్ను కారులోంచి రాకపోతే ఏం చేయాలి? నాకు ఒకసారి అరగంట పట్టింది.

మెరుపుతీగ:
లాగకండి. అది తాళం, చిన్న మోటారుతో ఒక కడ్డీ అడ్డం పడుతుంది. ముందు చార్జింగ్ ఆగిందో లేదో చూడండి, తర్వాత కారు తాళం వేసి తీయండి. అప్పటికీ రాకపోతే గన్నును కొంచెం లోపలికి నొక్కి పట్టి మళ్లీ తాళం తీయండి. తీగ బరువుకు కడ్డీ మీద ఒత్తిడి పడి అది కదలలేకపోవడమే ఎక్కువసార్లు కారణం. చాలా కార్లలో బానెట్ కిందో డిక్కీ పక్కనో చేత్తో లాగే తాడు ఉంటుంది. అది ఎక్కడుందో ఇంట్లో ఉన్నప్పుడే వెతికి చూసుకోండి.

కొత్తచక్రం:
నెల తర్వాత వచ్చాను. మీ అందరికీ చెప్పాలనే.

బోర్డు నుంచి 6 మిల్లీమీటర్ల తీగతో విడి లైను వేయించాను. నీలిరంగు సాకెట్, బీ రకం ఆర్‌సీసీబీ. ఎర్తు కొలిపించాను. మొదటి రాత్రి గంటకోసారి లేచి వెళ్లి ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా కూడా లేదు. నాలుగోసారి వెళ్లినప్పుడు మా పెద్దది కూడా లేచి వచ్చి, తనూ చెయ్యి పెట్టి చూసి, 'చల్లగానే ఉంది, పడుకో నాన్నా' అంది.

ప్రయాణం కూడా అయింది. 158వ కిలోమీటరు దగ్గర 31 శాతంతో ఆగాను. మొదటి చార్జర్ ఫోను యాప్‌ను పట్టించుకోలేదు, పక్కదానికి మార్చాను. 28 నిమిషాల్లో 80 అయింది. రెండోచోట నా ముందు ఒకరున్నారు. ఆయన 83 దగ్గర ఉన్నారు. అడగకముందే నన్ను చూసి తీసేశారు. చేరేసరికి 22 శాతం. ఎదురుగాలి లేకపోవడం కలిసొచ్చింది.

తీగలమేస్త్రి:
చాలా సంతోషం. ఒక్క పని మిగిలింది. కొత్త సాకెట్‌లో రాగిపోగులు మర కింద నెల రోజుల్లో కొంచెం సర్దుకుంటాయి. మెయిన్ ఆపి ఒకసారి మళ్లీ బిగించి చూడండి.

కొత్తచక్రం:
ఇప్పుడే చూశాను మేస్త్రిగారూ. రెండు మరలు కదల్లేదు. మూడోది పావు చుట్టు తిరిగింది.